ఒక దేహం, అనేక నామాలు: 20వ శతాబ్దారంభపు సరుకు స్టీమర్ల జీవితచరిత్రలు – ఒక పరిశీలన

వ్యాస సంగ్రహం:

20వ శతాబ్దపు తొలి దశాబ్దాలలో నిర్మితమైన సరుకు స్టీమర్లు తమ జీవితకాలంలో పలుమార్లు యజమానిని, జెండాను, పేరును, పనిని మార్చుకున్నాయి. చరిత్ర రచనలో మాత్రం ఇవి ఏదో ఒక సంఘటనకు, ఒక పేరుకు పరిమితమై కనిపిస్తాయి. వాఖ్ట్‌ఫెల్స్, గూటెన్‌ఫెల్స్, కొమగాట మారు, రివర్ క్లైడ్, బేచిమో అనే ఓడల వృత్తాంతాల ఆధారంగా ఈ మార్పులకు గల సాంకేతిక, ఆర్థిక, రాజకీయ కారణాలను ఈ వ్యాసం వివరిస్తుంది. ఓడ పాతబడే కొద్దీ దాని నష్టభయం ఎవరి మీదికి మళ్ళిందన్నది ఇందులోని ప్రధాన ప్రశ్న.

కీలకపదాలు: సరుకు స్టీమరు, ఓడ జీవితచరిత్ర, అద్దె ఒప్పందం, నమోదు, హిందూ మహాసముద్రం, మొదటి ప్రపంచ యుద్ధం.

1. ఉపోద్ఘాతం

కొమగాట మారు అనగానే 1914 నాటి వాంకూవర్ రేవు, రివర్ క్లైడ్ అనగానే 1915 నాటి గల్లిపోలి తీరం చరిత్ర విద్యార్థికి గుర్తుకు వస్తాయి. ఆ సంఘటనకు ముందు ఆ ఓడ ఏ సరుకు మోసేది, తరువాత ఎవరి చేతికి పోయింది అనే ప్రశ్నలు సాధారణంగా ఎవరూ వేయరు. ఓడ ఒక రంగస్థలంగా మిగిలిపోతుంది. పాత్రలు దిగిపోగానే తెర పడుతుంది.

ప్రయాణికుల ఓడలకు ఈ చిక్కు తక్కువ. వాటి ప్రయాణికుల జాబితాలు, ప్రకటనలు, చిత్రపటాలు మిగిలాయి. బొగ్గు, ధాన్యం, కలప, ఖనిజం మోసిన ఓడలకు అటువంటి కీర్తి లేదు. నిశ్చితమైన మార్గం లేకుండా, ఎక్కడ సరుకు దొరికితే అక్కడికి పోయే ఓడలను ఆంగ్ల నావికులు దేశదిమ్మరి అనే అర్థం వచ్చేలా ‘ట్రాంప్’ అన్నారు. నాటి ప్రపంచ వాణిజ్యంలో పెద్ద భాగం ఈ దిమ్మరి ఓడల మీదనే నడిచింది. ఒకే ఓడ నాలుగు పేర్లతో నాలుగు దేశాల పత్రాలలో నమోదైనపుడు, ఏ దేశ చరిత్రకారుడూ దానిని పూర్తిగా తనదిగా భావించడు. అందువల్ల దాని జీవితం ముక్కలుగానే మిగిలిపోయింది.

2. ఖాళీ స్థలమే ప్రధాన గుణం

సరుకు ఓడ పరిమాణాన్ని తెలిపే ‘గ్రాస్ టన్ను’ బరువుకు సంబంధించినది కాదు. అది ఘనపరిమాణపు కొలత. 100 ఘనపు అడుగుల మూసిన స్థలం ఒక టన్ను. అంటే 4,000 టన్నుల ఓడ అన్నపుడు చెబుతున్నది దాని లోపలి అవకాశాన్ని గురించి. ఓడను కొలిచేది దానిలోని ఖాళీతోనే అన్న ఈ సంగతి ఒక లెక్కల వివరంగా కనిపిస్తుంది కాని, ఈ ఓడలకు పదేపదే కొత్త పనులు దొరకడానికి మూలం ఇక్కడే ఉంది. ఖాళీకి తనదంటూ ఒక పని లేదు. బొగ్గు పట్టే చోట గోధుమలు పడతాయి. గోధుమలు పట్టే చోట బల్లలు వేస్తే మనుషులు పడతారు, పట్టాలు వేస్తే మందుపాతరలు పడతాయి.

1900 ప్రాంతపు సామాన్య సరుకు స్టీమరు నిర్మాణం చాలా సరళమైనది. ముందు, మధ్య, వెనుక మూడు ఎత్తైన భాగాలు, వాటి నడుమ పల్లంగా రెండు తలాలు, ఆ తలాల క్రింద సరుకు అరలు ఉండేవి. దూరం నుండి చూస్తే నీటిపై మూడు దిబ్బలు కనిపించినట్లుండేది గనుక దీనికి ‘మూడు దీవుల’ ఓడ అనే పేరు వచ్చింది. బాయిలర్లు, ఇంజను మధ్య భాగంలో ఉండేవి. సరుకు ఎత్తడానికి, దించడానికి కావలసిన దూలాలు, ఆవిరితో నడిచే వించీలు ఓడ మీదనే ఉండేవి. ఇది చిన్న వివరం కాదు. సొంత ఎత్తుడు సామగ్రి ఉన్న ఓడకు రేవులో గోడ గాని, క్రేను గాని అవసరం లేదు. కాకినాడ, భీమునిపట్నం వంటి చోట్ల స్టీమర్లు తీరానికి దూరంగా లంగరు వేయగా, పడవలలో సరుకును వాటి ప్రక్కకు చేర్చేవారు. అక్కడి నుండి పైకెత్తే పని ఓడ వించీలదే. లోతైన నౌకాశ్రయం లేని కోస్తా రేవులు సైతం ప్రపంచ వాణిజ్యంతో ముడిపడడానికి ఈ ఏర్పాటు ఎంతగానో తోడ్పడింది.

ఇంజను విషయంలోనూ ఇదే సరళత కనిపిస్తుంది. 1881లో ‘అబర్డీన్’ అనే ఓడ విజయవంతం కావడంతో మూడంచెల వ్యాకోచ ఇంజను వ్యాప్తిలోకి వచ్చింది. ఆవిరి మొదట అధిక పీడనపు సిలిండరులోను, తరువాత మధ్యమ పీడనపు సిలిండరులోను, చివరకు అల్ప పీడనపు సిలిండరులోను వ్యాకోచించి మూడుసార్లు పనిచేస్తుంది. దీనివల్ల బొగ్గు ఖర్చు గణనీయంగా తగ్గింది. మధ్యరకం ఓడ రోజుకు 20–25 టన్నుల బొగ్గుతో గంటకు 8–10 నాటికల్ మైళ్ళు నడిచేది. ఈ వేగం 1890లోనూ ఇంతే, 1920లోనూ ఇంతే. మూడు దశాబ్దాల పాటు కొత్త ఓడకు, పాత ఓడకు మధ్య వేగంలో పెద్ద తేడా లేకపోవడం పాత ఓడల మనుగడకు ముఖ్య కారణం. పైగా ఈ ఇంజను భాగాలు బయటికి కనిపిస్తూ, చేతికి అందుతూ ఉండేవి. ఏ రేవులోనైనా ఓ మోస్తరు కమ్మరి కొలిమి, లేతు ఉంటే చాలావరకు మరమ్మతు సాధ్యమయ్యేది.

ఓడల రూపాన్ని సముద్రమే నిర్ణయిస్తుందన్న నమ్మకం కూడా పూర్తిగా సరికాదు. 1890ల నుండి ఇంగ్లండులోని డాక్స్‌ఫర్డ్ సంస్థ పై భాగం సన్నగిల్లి, ప్రక్కలు మెట్టులా వంగిన ‘టరెట్’ ఓడలను వందకు పైగా నిర్మించింది. సూయజ్ కాలువ సుంకం టన్నేజీ లెక్కపై ఆధారపడి ఉండేది కనుక, ఆ లెక్కను తగ్గించే ఆకృతి యజమానులకు లాభించింది. లెక్క కట్టే నియమం మారగానే ఈ ఆకృతి కూడా కనుమరుగైంది. ఓడ చరిత్ర చదివేవారు అలలతో పాటు సుంకాల పట్టికను కూడా చదవవలసి ఉంటుంది.

3. వయసు, వెల, జెండా

లాయిడ్స్ రిజిస్టరు వంటి వర్గీకరణ సంస్థలు ఓడను నాలుగేళ్ళకోసారి క్షుణ్ణంగా పరీక్షించేవి. వయసు పెరిగేకొద్దీ పరీక్ష కఠినమయ్యేది. పలకల మందం కొలవడం, తుప్పుపట్టిన భాగాలను మార్చడం, బాయిలర్లను విప్పి చూడడం వంటి ఖర్చులు ఎక్కువయ్యేవి. అందువల్ల పన్నెండు పదిహేనేళ్ళు నిండుతున్న ఓడను తరువాతి పరీక్షకు ముందే అమ్మివేయడం బ్రిటిష్ యజమానులలో సాధారణ వ్యవహారం. కొనేవారు గ్రీసు, ఇటలీ, స్పెయిన్, నార్వే, జపాన్ దేశాలవారు. వారికి పెట్టుబడి తక్కువ, శ్రమ చౌక. అసలు యజమాని ఓడ విలువను అప్పటికే లెక్కలలో కరగదీసుకొని ఉంటాడు. మిగిలిన ఇనుము రెండో యజమానికి జీవనాధారం. ఆ తరువాత మూడో చేయి, నాలుగో చేయి.

ఈ క్రమాన్ని ఆర్థిక చరిత్రకారులు పెట్టుబడి సామర్థ్యానికి ఉదాహరణగా చెప్పడం కద్దు. అది సగం నిజమే. తక్కిన సగం బాయిలరు గదిలో ఉంది. ఓడ పాతబడేకొద్దీ ఆవిరి కారే గొట్టాలు, నీరు ఊరే అడుగుభాగం, పనిచేయని పంపులు వచ్చి చేరతాయి. ఆ ప్రమాదాన్ని మోసేది కలాసీలు, బొగ్గు వేసేవారు. బ్రిటిష్ జెండా క్రింద కూడా ఆసియా ఒప్పందాలపై చేరిన లాస్కర్లకు ఐరోపా నావికుల కంటే చాలా తక్కువ జీతం, ఇరుకైన వసతి ఉండేవి. వీరిని సరంగుల ద్వారా కలకత్తా, బొంబాయి రేవులలో నియమించేవారు. కనుక ఓడ జెండా మారడమంటే, చాలాసార్లు, పాత ఇనుము వల్ల కలిగే ప్రమాదం మరింత బలహీనుల మీదికి మళ్ళడమే.

అయితే ఇదే పాత ఓడల బజారు వలస దేశాలవారికి నౌకావాణిజ్యంలో అడుగుపెట్టడానికి దొరికిన ద్వారం కూడా అయింది. 1906లో వి.ఓ. చిదంబరం పిళ్ళై తూత్తుకుడిలో స్థాపించిన స్వదేశీ స్టీమ్ నావిగేషన్ కంపెనీ ‘గాలియా’, ‘లావో’ అనే ఓడలను కొని కొలంబోకు నడిపింది. బ్రిటిష్ ఇండియా కంపెనీతో ధరల పోటీ, 1908లో పిళ్ళైకి పడిన జైలుశిక్ష కారణంగా ఆ ప్రయత్నం చెదిరి 1911లో కంపెనీ మూతబడింది. 1919లో సింధియా సంస్థ బొంబాయి నుండి లండనుకు పంపిన తొలి ఓడ ‘లాయల్టీ’ కూడా కొత్తది కాదు. అది 1891లో కెనడియన్ పసిఫిక్ సంస్థకు నిర్మించిన ‘ఎంప్రెస్ ఆఫ్ ఇండియా’ అనే ప్రయాణికుల ఓడ. యుద్ధకాలంలో గ్వాలియర్ మహారాజు చేతిలో ఆసుపత్రి ఓడగా ఉండి, ఆపై సింధియాకు చేరింది. ఆ ఓడ బయలుదేరిన ఏప్రిల్ 5ను భారతదేశం జాతీయ నౌకాయాన దినంగా పాటిస్తున్నది. ఇరవై ఎనిమిదేళ్ళ పాత ఓడ స్వదేశీ ఆకాంక్షకు చిహ్నమైంది! అదే సింధియా సంస్థ 1941లో విశాఖపట్నంలో నౌకానిర్మాణ కేంద్రానికి పునాది వేసి, 1948లో ‘జలఉష’ను నీటిలోకి దించింది. పాతది కొనడం నుండి కొత్తది కట్టడం దాకా మూడు దశాబ్దాలు పట్టింది.

ఓడల ధరలు రవాణా కిరాయిలను బట్టి విపరీతంగా ఊగిసలాడేవి. యుద్ధం వల్ల ఓడల కొరత ఏర్పడి 1919–20 నాటికి ధరలు ఆకాశాన్నంటాయి, 1920 చివరి నుండి కుప్పకూలాయి. 1930ల మాంద్యంలో వందలాది ఓడలు పని లేక నదీముఖాలలో లంగరు వేసి పడి ఉన్నాయి. పాతవాటిని పగులగొట్టి కొత్తవి కట్టేవారికి సాయమిచ్చే పథకాలను 1932లో జపాన్, 1935లో బ్రిటన్ ప్రవేశపెట్టాయి. వాటి కంటబడకుండా తప్పించుకున్న ఓడలు రెండో ప్రపంచ యుద్ధంలో మళ్ళీ విలువైనవి అయ్యాయి.

4. ఒకే కంపెనీ, రెండు ఓడలు, మూడు జెండాలు

యుద్ధం ఈ మార్పులను ఎంత వేగవంతం చేసిందో బంగాళాఖాతమే మొదట చూసింది. 1914 సెప్టెంబరు 10 నుండి జర్మన్ యుద్ధనౌక ఎమ్డెన్ ఈ జలాలలో ఇండస్, లోవట్, కిల్లిన్, డిప్లొమాట్, ట్రాబోక్, క్లాన్ మాథెసన్ అనే వాణిజ్య ఓడలను పట్టుకొని ముంచింది. కాని అది ముంచని ఓడలే ఈ వ్యాసానికి ముఖ్యం. గ్రీకు ఓడ పొంటోపొరస్‌లోని ఇండియా బొగ్గు పొగ ఎక్కువైనా పనికివచ్చేదే కనుక దానిని వెంట తీసుకుపోయింది. కబింగాను, పట్టుబడిన నావికులను ఉంచే ఓడగా వాడి, వదిలిపెట్టింది. సెప్టెంబరు 22 రాత్రి మద్రాసు రేవులోని బర్మా ఆయిల్ కంపెనీ చమురు తొట్లపై ఎమ్డెన్ కాల్పులు జరిపిన సంగతి తెలుగు జిల్లాలలోనూ చాలాకాలం చెప్పుకున్నారు. బొగ్గు ఓడలు లేకపోతే అది అక్కడిదాకా వచ్చేదే కాదు.

ఈ తర్కాన్ని జర్మనీ 1916లో మరొక అడుగు ముందుకు తీసుకుపోయింది. యుద్ధనౌకకు బొగ్గు ఓడ తోడుగా ఉండడం ఎందుకు, బొగ్గు ఓడనే యుద్ధనౌకగా మారిస్తే సరిపోతుంది కదా అన్నది ఆ ఆలోచన. బ్రెమెన్‌లోని హన్సా కంపెనీ ఓడలు భారతదేశపు రేవులతో నిత్యం వ్యాపారం చేసేవి. వాటి పేర్లన్నీ బండ అనే అర్థమిచ్చే ‘ఫెల్స్’తో ముగిసేవి. 1913లో ఫ్లెన్స్‌బర్గ్‌లో నిర్మించిన వాఖ్ట్‌ఫెల్స్, అంటే కావలిబండ, వాటిలో ఒకటి. దీనిని నౌకాదళం స్వాధీనం చేసుకొని ‘వోల్ఫ్’ (తోడేలు) అని పేరు పెట్టింది. ముడుచుకునే ప్రక్క గోడల వెనుక ఫిరంగులు దాచారు. సరుకు అరలలో 450కి పైగా మందుపాతరలు, వేల టన్నుల బొగ్గు, విప్పి భద్రపరచిన ఒక చిన్న సముద్ర విమానం చేరాయి. పొగగొట్టాన్ని, స్తంభాలను ఎత్తు తగ్గించి పెంచే ఏర్పాటు కూడా చేశారు.

ఓడ వేగం గంటకు 11 నాటికల్ మైళ్ళకు మించదు. యుద్ధనౌకగా చూస్తే ఇది హాస్యాస్పదం. కాని ఈ నిదానమే దానికి వేషం. సముద్రం మీద మూడు దిబ్బలుగా కనిపించే వేలాది ఓడలలో అది ఒకటి. కార్ల్ ఆగస్ట్ నెర్గర్ నాయకత్వంలో 1916 నవంబరు 30న కీల్ నుండి బయలుదేరిన ఈ ఓడ ఒక్క రేవులో కూడా ఆగకుండా 451 రోజులు తిరిగి 1918 ఫిబ్రవరి 24న తిరిగివచ్చింది. 1917 ఫిబ్రవరిలో కొలంబో, బొంబాయి సమీపంలో అది పరచిన మందుపాతరలకు వోర్సెస్టర్‌షైర్, పెర్సియస్, మంగోలియా అనే ఓడలు బలయ్యాయి. పట్టుబడిన ఓడలలోని నాలుగు వందల మందికి పైగా ఖైదీలు దాని సరుకు అరలలోనే నెలల తరబడి గడిపారు. ఒకప్పుడు భారతదేశపు సరుకు మోసే తరగతికి చెందిన ఓడ అదే దేశపు రేవులకు దారి మూసింది. దారులు తెలిసినందువల్లనే మూయగలిగింది.

ఇదే యాత్రలో మరొక విచిత్రం జరిగింది. 1917 ఫిబ్రవరి 27న హిందూ మహాసముద్రంలో వోల్ఫ్ ఒక బ్రిటిష్ చమురు ఓడను పట్టుకుంది. దాని పేరు ‘టరిటెల్లా’. షెల్ కంపెనీ సంప్రదాయం ప్రకారం ఒక గవ్వ పేరు. కాని ఆ ఓడ జర్మన్లకు కొత్తది కాదు. అది హన్సా కంపెనీ వారి గూటెన్‌ఫెల్స్. యుద్ధారంభంలో ఈజిప్టు రేవులో ఉండగా బ్రిటిష్ వారు స్వాధీనం చేసుకొని ‘పొలవాన్’ అని పేరు మార్చి, చమురు ఓడగా మలచి, తరువాత టరిటెల్లాగా నడిపారు. అంటే ఒకే కంపెనీకి చెందిన రెండు సరుకు ఓడలు, ఒకటి తోడేలుగా, మరొకటి గవ్వగా, నడి సముద్రంలో ఎదురుపడ్డాయి. జర్మన్లు దానికి ‘ఇల్టిస్’ అని, ముంగిసను పోలిన ఒక చిన్న వేటజంతువు పేరు పెట్టి, కొన్ని మందుపాతరలు ఇచ్చి ఏడెన్ వైపు పంపారు. మార్చి 5న బ్రిటిష్ యుద్ధనౌక ఓడిన్ అడ్డగించగా, జర్మన్ నావికులే దానిని ముంచివేశారు. నాలుగో పేరుతో ఆ ఓడ బ్రతికినది వారం రోజుల లోపే.

టరిటెల్లాలో పనిచేసిన చీనా నావికులలో చాలామందిని ఇల్టిస్‌లో కూడా పనిలో ఉంచారు. బాయిలరు గది నుండి చూస్తే జెండా మారిందే తప్ప బొగ్గుపార మారలేదు. ఓడ ఎవరిది అన్న ప్రశ్నకు న్యాయస్థానాలు ఇచ్చే జవాబుకూ, ఓడను నడిపేది ఎవరు అన్న ప్రశ్నకు దొరికే జవాబుకూ ఎంత దూరమో ఇక్కడ తెలుస్తుంది.

వోల్ఫ్ కథ వీరోచితంగా ముగియలేదు. వెర్సాయ్ సంధి ప్రకారం 1,600 గ్రాస్ టన్నులు, అంతకు మించిన జర్మన్ వాణిజ్య ఓడలన్నీ మిత్రరాజ్యాలకు అప్పగించవలసి వచ్చింది. ఈ ఓడ ఫ్రాన్సుకు దక్కి, మెస్సాజెరీ మారిటీమ్ సంస్థలో ‘ఆంటినస్’ పేరుతో మళ్ళీ మామూలు సరుకు మోసింది. 1931లో ఇటలీలో దానిని పగులగొట్టారు. పద్దెనిమిదేళ్ళ జీవితంలో అది తోడేలుగా ఉన్నది రెండేళ్ళ లోపే.

5. కొమగాట మారు: అద్దె ఒప్పందంలోని రాజకీయం

సరుకు అరను మనుషులతో నింపిన ఉదంతాలలో భారతీయులకు అత్యంత పరిచితమైనది కొమగాట మారు. దీని నిర్మాణం కాస్త ముందుది. 1890లో గ్లాస్గోలో చార్ల్స్ కానెల్ సంస్థ జర్మన్ యజమానుల కోసం ‘స్టూబెన్‌హూక్’ పేరుతో నిర్మించింది. 1894 నుండి అది ‘సిసిలియా’. 1913లో జపాను వారు కొని కొమగాట మారు అన్నారు. 1914 వసంతంలో గురుదిత్ సింగ్ హాంకాంగ్‌లో అద్దెకు తీసుకునేనాటికి అది ఇరవై నాలుగేళ్ళ పాత ఓడ. సరుకు అరలలో బల్లలు వేయించి, 376 మంది ప్రయాణికులతో మే 23న వాంకూవర్ చేరారు.

స్వదేశం నుండి ఎక్కడా ఆగకుండా రావాలన్న కెనడా నిబంధన, దాని వెనుక ఉన్న జాతివివక్ష గురించి విస్తారంగా రచనలు వచ్చాయి. ఓడ ఆర్థిక స్వరూపం మీద మాత్రం దృష్టి తక్కువ పడింది. గురుదిత్ సింగ్ దీనిని యజమానిగా కాక, కాలపరిమితి గల అద్దె ఒప్పందం మీద నడిపారు. అటువంటి ఒప్పందంలో ఓడ కదిలినా కదలకపోయినా అద్దె నడుస్తూనే ఉంటుంది. వాయిదా తప్పితే ఓడను వెనక్కి తీసుకునే హక్కు యజమానికి ఉంటుంది. జపాన్‌లోని మోజి రేవులో ఎక్కించిన బొగ్గును వాంకూవర్‌లో అమ్మి, తిరుగు సరుకు తీసుకొని ఖర్చు పూడ్చుకోవాలన్నది పథకం. ప్రయాణికులనే దిగనివ్వని అధికారులు సరుకునూ దిగనివ్వలేదు. కాలం గడవడమే వారికి ఆయుధమైంది. దానిని ఎదుర్కోవడానికి వాంకూవర్ ప్రాంతపు భారతీయులు చందాలు వేసుకొని అద్దె బాకీ చెల్లించి, ఒప్పందాన్ని తమ చేతిలోకి తీసుకున్నారు. న్యాయపోరాటంతో పాటు అద్దె వాయిదాల పోరాటం కూడా ఆ రెండు నెలలలో జరిగిందన్నది మరువరాదు.

జూలై 23న ఓడను వెనక్కి పంపారు. సెప్టెంబరు 29న కలకత్తా సమీపంలోని బజ్ బజ్ వద్ద జరిగిన కాల్పులలో ప్రయాణికులు ప్రాణాలు కోల్పోయారు. ఓడ మాత్రం తన పని తాను చేసుకుపోయింది. 1924లో ‘హెయియాన్ మారు’గా పేరు మారి, 1926 ఫిబ్రవరిలో హొక్కైడో తీరాన బ్రద్దలైంది. ఒక జాతి జ్ఞాపకంలో స్థిరపడిన పేరు ఆ ఓడ ముప్పై ఆరేళ్ళ జీవితంలో పదకొండేళ్ళు మాత్రమే దానిపై ఉంది.

6. రివర్ క్లైడ్: ఒక్క రోజు, అరవై ఒక్క సంవత్సరాలు

1905లో స్కాట్లండులోని పోర్ట్ గ్లాస్గోలో రస్సెల్ సంస్థ నిర్మించిన రివర్ క్లైడ్, 3,913 గ్రాస్ టన్నుల సాదాసీదా బొగ్గు ఓడ. పదేళ్ళ పాటు దానిని గురించి ప్రత్యేకంగా చెప్పుకోవలసినదేమీ జరగలేదు. 1915 ఏప్రిల్‌లో గల్లిపోలి దండయాత్రకు సిద్ధమవుతున్న వేళ, కమాండర్ ఎడ్వర్డ్ అన్విన్ దీనిని తీరానికి ఢీకొట్టించి లోపలి నుండి సైనికులను దింపవచ్చునని సూచించాడు. జలసంధికి ఆవలి గట్టునే ప్రాచీన ట్రాయ్ ఉండడంతో, చెక్క గుర్రంతో పోలిక అందరి నోటా పలికింది. ఓడ ప్రక్కలకు ద్వారాలు కోసి, వాటి నుండి ముందుకు వాలుగా నడకబల్లలు అమర్చి, ముందుభాగంలో ఇసుక బస్తాల నడుమ మెషీన్‌గన్లు నిలిపారు. సుమారు 2,000 మంది, ప్రధానంగా మన్‌స్టర్ ఫ్యుజిలీర్స్ అనే ఐరిష్ పటాలానికి, హాంప్‌షైర్ పటాలానికి చెందినవారు, సరుకు అరలలో చేరారు.

ఏప్రిల్ 25 ఉదయం ఓడ నేలకు తగిలింది, కాని అనుకున్నంత దగ్గరగా రాలేదు. వంతెనగా పనికిరావలసిన చిన్న ఆవిరి పడవ ప్రక్కకు జరిగిపోయింది. అన్విన్, నావికులు నీటిలోకి దిగి పడవలను చేతులతో పట్టి నిలిపారు. ద్వారాల నుండి బయటికి వచ్చిన సైనికులు ఒడ్డు నుండి వచ్చిన ఒట్టొమన్ తుపాకి గుండ్లకు నడకబల్లల మీదే కూలిపోయారు. మిగిలిన దాదాపు వెయ్యి మంది చీకటి పడేదాకా ఓడ లోపలే ఉండిపోయారు. ఆనాటి పనికి ఆరుగురు నావికాదళ సభ్యులకు విక్టోరియా క్రాస్ లభించింది.

ఈ వైఫల్యానికి ఓడనే కారణంగా చూపే ధోరణి ఒకటి, దానిని వీరగాథగా మలచే ధోరణి మరొకటి కనిపిస్తాయి. రెండూ ఓడ స్వభావాన్ని గమనించినవి కావు. సరుకు ఓడ నుండి సరుకు నిదానంగా, ఒక్కొక్క మూటగా, ఎవరూ కాల్చని చోట దిగుతుంది. ఇరుకైన ద్వారం దానికి లోపం కాదు. మనుషులకు మాత్రం అదే మృత్యుద్వారమైంది. అదే సమయంలో, లోపల మిగిలినవారిని సాయంత్రం దాకా కాపాడినది కూడా బొగ్గు కోసం వేసిన ఆ ఉక్కు పలకలే. ఖాళీ స్థలం దేనినైనా పట్టించుకుంటుంది. అయితే ఎలా దిగాలన్నది దాని చేతిలో లేదు.

దండయాత్ర సాగినన్నాళ్ళు కదలని ఈ ఓడ రేవుకట్టగా, అలలకు అడ్డుగోడగా, గాయపడినవారికి కట్లు కట్టే చోటుగా ఉపయోగపడింది. 1916 జనవరిలో సైన్యం వెళ్ళిపోయినా అది అక్కడే ఉంది. 1919లో దానిని తేల్చి మాల్టాకు తీసుకుపోయారు. 1920లో, ఓడల ధరలు శిఖరాన ఉన్న రోజులలో, స్పెయిన్ యజమానులకు అమ్మారు. ఆ సమయం గమనార్హం. రెండేళ్ళు ఆలస్యమై ఉంటే తూట్లు పడిన ఆ ఓడను బాగుచేయడం గిట్టుబాటు కాకపోవచ్చు.

మొదట ‘ఆంజెలా’గా, 1929 నుండి ‘మరుహా ఇ అరోరా’గా అది స్పెయిన్ జెండా క్రింద సరుకు మోసింది. స్పెయిన్ అంతర్యుద్ధం, రెండో ప్రపంచ యుద్ధం వచ్చి పోయాయి. 1960లలో దానిని స్మారకంగా బ్రిటన్‌కు తీసుకురావాలన్న ప్రయత్నం డబ్బు చాలక ఆగిపోయింది. 1966లో స్పెయిన్‌లోని అవిలెస్‌లో పగులగొట్టారు. అరవై ఒక్క ఏళ్ళ జీవితంలో నలభై ఆరేళ్ళు స్పెయిన్ వారివి. గ్రంథాలలో ఆ నలభై ఆరేళ్ళకు సాధారణంగా ఒక్క వాక్యం దొరుకుతుంది.

7. నమోదు పుస్తకాలు, ఆధారాల చిక్కులు

ఇటువంటి ఓడను పేర్ల గుండా వెంబడించడం పరిశోధకునికి ఎలా సాధ్యం? బ్రిటిష్ నమోదులో ప్రతి ఓడకు ఒక అధికారిక సంఖ్య ఉండేది. దానిని ప్రధాన దూలంపై చెక్కేవారు. పేరు, యజమాని, రేవు మారినా సంఖ్య మారదు. కాని విదేశీయులకు అమ్మగానే ఆ నమోదు మూసివేస్తారు. అక్కడితో ఆ సంఖ్య మూగబోతుంది. దేశాల సరిహద్దులు దాటినా మారని సంఖ్య, అంతర్జాతీయ నౌకాయాన సంస్థ 1987లో ఆమోదించిన పద్ధతితోనే వచ్చింది. అంతకుముందటి ఓడలకు లాయిడ్స్ రిజిస్టరు వార్షిక సంపుటాలే శరణ్యం. వాటిలో ఓడ ప్రస్తుత నామం క్రింద పూర్వ నామాలు ఇస్తారు. నిర్మాణ సంస్థ, సంవత్సరం, పొడవు, సిలిండర్ల కొలతలు పోల్చి చూస్తే దేహం అదేనని తేలుతుంది. పేరును నమ్మకుండా సిలిండరు వ్యాసాన్ని నమ్మడం ఈ రంగంలో ఆరోగ్యకరమైన అలవాటు.

గూటెన్‌ఫెల్స్‌నే తీసుకుంటే, దాని పూర్వార్ధం జర్మన్ కంపెనీ పత్రాలలో, మధ్యభాగం బ్రిటిష్ నమోదులో, చివరి వారం జర్మన్ నౌకాదళ యాత్రా నివేదికలోను ఓడిన్ అనే శత్రునౌక దినచర్యలోను ఉంటుంది. ఒక్క భాష, ఒక్క దేశపు పత్రాగారంతో పనిచేసే పరిశోధకునికి అది మూడు వేర్వేరు ఓడలుగా కనిపిస్తుంది. మద్రాసు, కాకినాడ రేవుల రాకపోకల జాబితాలను ఆధారంగా తీసుకొని తీరాంధ్ర వాణిజ్య చరిత్ర రాసేవారికి ఇదే చిక్కు మరొక రూపంలో ఎదురవుతుంది. 1913లో వచ్చిన జర్మన్ ఓడ, 1921లో వచ్చిన ఫ్రెంచి ఓడ ఒకటే కావచ్చు. జెండాల వారీగా ఓడలను లెక్కించి ఏ దేశపు వాణిజ్యం పెరిగింది, ఏది తగ్గింది అని పట్టికలు వేసేటపుడు ఈ అవకాశాన్ని పరిగణించకపోతే, యుద్ధ పరిహారంగా చేతులు మారిన ఇనుము కొత్త వాణిజ్యంగా లెక్కకు వస్తుంది.

ఏ నమోదు పుస్తకమూ పట్టుకోలేకపోయిన ఓడ కూడా ఒకటుంది. 1914లో స్వీడన్‌లోని గోథెన్‌బర్గ్‌లో జర్మన్ యజమానులకు నిర్మించిన, 1,322 గ్రాస్ టన్నుల ‘ఓంగెర్మనెల్వెన్’ యుద్ధ పరిహారంగా బ్రిటన్‌కు వచ్చింది. 1921లో హడ్సన్స్ బే కంపెనీ దానిని ‘బేచిమో’గా మార్చి ఉత్తర కెనడా తీరపు తోళ్ళ వ్యాపారంలో దించింది. 1931 అక్టోబరులో అలాస్కా తీరాన మంచులో చిక్కుకోగా, నావికులలో కొందరిని విమానంలో తరలించారు, మరికొందరు ఒడ్డున గుడిసె వేసుకొని కాపలా కాశారు. నవంబరు 24 నాటి మంచుతుఫాను వెలిసేసరికి ఓడ లేదు. కొన్ని రోజుల తరువాత దక్షిణాన కనిపిస్తే, విలువైన తోళ్ళు దించుకొని వదిలివేశారు. ఆ తరువాత దశాబ్దాల పాటు, యజమాని గాని, నావికుడు గాని, బొగ్గు గాని లేకుండా, మంచుతో పాటు కదులుతూ అది ఆ తీరవాసులకు కనిపిస్తూనే వచ్చింది. చివరిసారి చూసినట్లు నమోదైనది 1969లో.